అర్ధకాలిక వ్రతము

ఒక మనుష్యుడు నెలకు రెండు దినములు సైనికుడుగను, తక్కిన దినములు ఉద్యోగస్థుడుగను ఉండవచ్చునా యను ప్రశ్నకు పరిపాలకులు ఏనాడో సమాధానము చెప్పియున్నారు. ఉండవచ్చునని చట్టములు చేసి, జీతములు నిర్ణయించి, పింఛను లెక్కలు కట్టి, ఆ ప్రశ్నను తమ మట్టుకు తాము ముగించుకొనిరి. ధర్మవిచారము చేయువారికి ఆ సమాధానము చాలదు. ఏలయన, అమెరికా సైన్యములో చేరువాడు చదువు ప్రమాణవాక్యములలో ముఖ్యముగా రాజ్యాంగరక్షణమే పేర్కొనబడినను, అవసరమైనచో ప్రాణమిత్తుననియు, ఆజ్ఞయైనచో ప్రాణము తీయుదుననియు దాని యంతరార్థము. అట్టి ప్రమాణమునకు శనివారము, ఆదివారము అను హద్దులు పొసగునా, పొసగినచో తక్కిన దినములలో ఆ ప్రమాణము ఎచ్చట నివసించును అనునది త్రోసిపుచ్చరాని ప్రశ్న.

ఈ ప్రశ్న నేడు అమెరికా దేశమున ఎందరో వైమానికుల నిత్యజీవితములో మూర్తీభవించియున్నది. 1947 సెప్టెంబరు 18న అచ్చటి వాయుసేన ప్రత్యేకశాఖగా ఏర్పడిన నాడే ఎయిర్ నేషనల్ గార్డు కూడ పుట్టినది. 1948 ఏప్రిల్ 14న ఎయిర్ ఫోర్సు రిజర్వు ఏర్పడినది. మొదటిది రాష్ట్ర గవర్నరులకును కేంద్రమునకును ఉమ్మడిగా లోబడినది. రెండవది కేవలము కేంద్రమునకు చెందినది. ఈ రెండింటిలోని పైలటులలో పెక్కుమంది జీవనము కొఱకు ఎయిర్‌లైను సంస్థలలో ప్రయాణికుల విమానములు నడుపుచు, నడుమ నడుమ యూనిఫారము మార్చి సైనిక విమానములు నడుపుచుందురు. నేషనల్ గార్డు చిహ్నముగా నిలిచిన విగ్రహమొకటి మసాచుసెట్సులోని కాంకర్డు గ్రామమున కలదు. 1775 ఏప్రిల్ 19న ఆంగ్లసేన నెదుర్కొన్న రైతును స్మరించుచు డేనియల్ చెస్టర్ ఫ్రెంచి యను శిల్పి దానిని మలచగా 1875లో ప్రతిష్ఠించిరి. ఆ రైతు ఒక చేత తుపాకి పట్టి అడుగు ముందునకు వేసియున్నాడు. రెండవ చేయి మాత్రము ఇంకను నాగలి మేడి మీదనే యున్నది. ఆ చేతిని మేడి నుండి తీయనీయకపోవుటలో శిల్పి ఎంత ఆలోచించెనో గాని, తరువాతి కాలపు అర్ధకాలిక సైనికుని చిక్కు అంతయు ఆ చేతిలోనే ఇమిడియున్నది. రైతు యుద్ధమునకు పోయినచో పొలము బీడుపడునే గాని అలిగి వేఱొకని వద్దకు పోదు. ఎయిర్‌లైను ఉద్యోగము అట్టిది కాదు.

ఎయిర్‌లైను పైలటునకు సర్వస్వము ఒక సంఖ్య. దానిని సీనియారిటీ నంబరందురు. సంస్థలో చేరిన తేదీని బట్టి ఆ సంఖ్య ఏర్పడును. పైవారు పదవీవిరమణ చేయు కొలది అది మెట్టుమెట్టుగా పైకి జరుగును. ఏ విమానము నడుపవలెను, ఏ నగరమున స్థావరముండవలెను, కో-పైలటు ఆసనము నుండి కెప్టెను ఆసనమునకు ఎన్నడు మారవలెను, పండుగనాడు ఇంటనుండవలెనా వేఱొక ఊరి హోటలులో నుండవలెనా, కష్టకాలమున మొదట ఎవరిని ఇంటికి పంపవలెను — ఇవన్నియు ఆ సంఖ్యయే నిర్ణయించును. నైపుణ్యము, విద్య, యుద్ధములో పొందిన పతకములు దాని ముందు నిలువవు. ఒక సంస్థ నుండి మఱియొక సంస్థకు మారినవాడు, ఎంతటి అనుభవజ్ఞుడైనను, మరల అట్టడుగున నిలువవలసినదే. వీటి కన్నిటికిని తోడు 65వ యేట ప్రయాణికుల విమానములు నడుపుట మానవలెనని చట్టమున్నది. 2007 వఱకు ఆ పరిమితి 60 యేండ్లే. అందుచేత ఒక యేడు ముందుగా చేరినవాడు ఆ యేటి ఫలమును తన చివరి దినము వఱకు అనుభవించును. కాలమే ధనమను మాట సామాన్యముగా అతిశయోక్తి; ఈ వృత్తిలో మాత్రము అది కేవలము లెక్క.

ఇట్లుండగా, వాయుసేనలో పైలటు శిక్షణ పూర్తిచేసిన వానికి పదేండ్ల పూర్తికాల సేవ విధిగా నున్నది. ఆ గడువు తీరునాటికి అతనికి ముప్పది దాటియుండును. భార్యయు బిడ్డలును ఉందురు. ఇరువదేండ్లు నిండువఱకు సేనలోనే యుండి పింఛనుతో బయటికి వచ్చుట ఒక మార్గము. సేనకు పూర్తిగా నమస్కరించి ఎయిర్‌లైనులో చేరుట రెండవది. ఎయిర్‌లైనులో చేరి రిజర్వులో కొనసాగుట మూడవది. మూడవ మార్గమున పోవువాడు వారాంతపు డ్రిల్లు చేసినచో నాలుగు దినముల సైనిక జీతము లభించును. ఏటికి 50 సేవా పాయింట్లకు తక్కువ గాకుండ ఇరువది యేండ్లు కూడబెట్టినచో, సామాన్యముగా 60వ యేట పింఛను మొదలగును. 2023లో డెల్టా సంస్థ తన పైలటులతో చేసికొన్న ఒప్పందములో నాలుగేండ్ల వ్యవధిలో మొత్తము 34 శాతము జీతము పెంచుట కంగీకరించినది. తక్కిన పెద్ద సంస్థలును ఆ బాటనే పట్టినవి. రిజర్వు సేవ కొఱకు వదలుకొను ప్రతి ఎయిర్‌లైను ట్రిప్పునకు మూల్యము ఆ మేరకు పెరిగినది. కేవలము ధనదృష్టితో చూచినచో అధికవేతనము పొందు కెప్టెను వారాంతమున సైనిక విమానమెక్కుట నష్టవ్యాపారము. అయినను ఎక్కువారున్నారు. ఈ ఎక్కుటయే విచారింపదగిన విషయము.

చట్టము ఈ నష్టమును కొంత పూడ్చుటకు యత్నించినది. సైనికసేవకు పోయి తిరిగివచ్చిన ఉద్యోగి తాను విడిచిన మెట్టుమీద గాక, విడువకుండ నుండినచో ఏ మెట్టున నుండెడివాడో ఆ మెట్టుమీదనే నిలువవలెనని 1946లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పినది. దానికి ఎస్కలేటరు సూత్రమని పేరు వచ్చినది. 1994 నాటి చట్టము ఈ హక్కును స్థిరపరచి, ఒక యజమాని వద్ద ఇట్టి సెలవు మొత్తము అయిదేండ్లు మించరాదని చెప్పుచు, యుద్ధపు పిలుపులకును, విధిగా చేయవలసిన శిక్షణకును ఆ పరిమితి నుండి మినహాయింపు నిచ్చినది. ఇది ఆశ్చర్యకరమైన భావన. లేనివానిని ఉన్నవానిగా భావించుమని చట్టము లౌకికులను ఆజ్ఞాపించుచున్నది. వేదాంతులు అధ్యారోపమని ఏ దోషమును నిందింతురో దానినే న్యాయస్థానము న్యాయము కొఱకు బుద్ధిపూర్వకముగా అంగీకరించినది. కాని చట్టము సంఖ్యను కాపాడగలదే గాని, కో-పైలటుగా ఎగురవలసిన ఆ నెలల అనుభవమును గాని, బిడ్డ తొలి అడుగులు చూడవలసిన సాయంకాలములను గాని తిరిగి ఈయలేదు.

ఇద్దఱు యజమానులను ఒకడు సేవింపలేడని క్రైస్తవ సువార్త హెచ్చరించుచున్నది. గీత మూడవ యధ్యాయమున స్వధర్మమును గూర్చి చెప్పిన బోధను ఇచ్చటికి తెచ్చి, ఈ రెండింటిలో ఏది స్వధర్మమో తేల్చుకొని రెండవది విడువుమని చెప్పు పండితులును ఉండవచ్చును. ఈ తీర్పు నాకు తొందరపాటుగా తోచుచున్నది. కౌటిల్యుడు సంఘములను గూర్చి చెప్పుచు, కాంభోజ సురాష్ట్రాది దేశముల శ్రేణులు వార్త చేతను, అనగా కృషి వాణిజ్యముల చేతను, శస్త్రము చేతను జీవించువారని పేర్కొనెను. సేనాభేదములలో శ్రేణీబలమును ఒకటిగా లెక్కించెను. అతడు వారి బలాబలములను తూచెనే గాని, మీరు ఇద్దఱు యజమానులను కొలుచుచున్నారని ఆక్షేపింపలేదు. మనకు దాపున నున్న కాలమున, రెండవ ప్రపంచయుద్ధపు తొలినాళ్లలో, ఫ్లయింగు క్లబ్బులలో విద్య నేర్చిన పౌరపైలటులను వాలంటీరు రిజర్వులో చేర్చుకొని తీరరక్షక దళములు ఏర్పరచిరి. వానిలో ఒకటి విశాఖపట్టణమున నుండి బంగాళాఖాతము మీద గస్తీ తిరిగెను. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖ మీద బాంబులు వేసిన నాటికి ఆ తీరమునకు రెప్పలు ఆ పౌరవైమానికులే. స్వతంత్రభారతము 1952లో సహాయక వాయుసేన కొఱకు ఒక శాసనము చేసినది గాని, ఆ దళములు దీర్ఘకాలము నిలువలేదు.

అమెరికా తత్త్వవేత్త జోసయా రాయిస్ 1908లో విశ్వాసబద్ధతను గూర్చి ఒక గ్రంథము వ్రాసి, రెండు నిష్ఠలు ఢీకొన్నప్పుడు మనుష్యుడు నిర్ణయము చేయక తప్పదనియు, చేసిన నిర్ణయమునకు కట్టుబడియుండుటయే నిష్ఠకు నిష్ఠయనియు వాదించెను. ఆయన మాటలో సారమున్నది. కాని రిజర్వు పైలటు ఒక్కసారి నిర్ణయించి ఊరకుండువాడు కాడు. ప్రతి నెలయు షెడ్యూలు కొఱకు తన కోరికల పట్టిక సమర్పించునప్పుడు, ఏ ట్రిప్పు విడువవలెను, ఏ వారము యూనిట్‌కు ఈయవలెను అని మరల నిర్ణయించువాడు. అతడు ఒక నగరమున నివసించి, రెండవ నగరమున ఎయిర్‌లైను స్థావరమును, మూడవ నగరమున యూనిట్‌ను కలిగియుండుట వింతయు కాదు. నెలనెలకు పునరావృత్తమగు నిర్ణయమును నిర్ణయమనుట కంటె నియమమనుట మేలు. నియమమును గూర్చి రాయిస్ కంటె మన శ్రౌతులకు ఎక్కువ తెలియును.

కోనసీమ అగ్రహారములలో ఆహితాగ్నులు మొన్నమొన్నటి వఱకు పలువురుండిరి. ఆధానము చేసి గార్హపత్యము, ఆహవనీయము, దక్షిణాగ్ని యను మూడగ్నులను నెలకొల్పుకొన్న గృహస్థుడు ఉదయసాయములందు అగ్నిహోత్రము చేయును. ఆ హోమమునకు పట్టు కాలము స్వల్పము. తక్కిన పగలంతయు అతడు కొబ్బరితోట చూచుకొనవచ్చును, కౌలు లెక్కలు వ్రాసికొనవచ్చును, శిష్యులకు వేదపనస చెప్పవచ్చును. అంతమాత్రమున అతడు దినమునకు గడియసేపు మాత్రమే ఆహితాగ్ని యని ఎవ్వరును అనరు. కౌలుదారుతో వాదులాడునప్పుడును అతడు ఆహితాగ్నియే. వ్రతము కాలములో ఆక్రమించు భాగము వేఱు, వ్రతి జీవితమును ఆక్రమించు తీరు వేఱు. ఊరు విడిచి పోవలసివచ్చినచో అగ్నిని అరణులలోనికో తనలోనికో ఆరోపించుకొని పోవుటకు విధి యున్నది. దానికి సమారోపణమని పేరు. కంటికి అగ్ని కనబడకున్నను వ్రతము ఆరిపోలేదనుటకు ఇంతకంటె నిష్కర్షయైన ఏర్పాటు నేనెఱుగను. రిజర్వు పైలటు మంగళవారము నాడు ప్రయాణికులను ఎక్కించుకొని డెన్వరునకు పోవుచున్నప్పుడు అతని ప్రమాణము ఎచ్చటనున్నదను మొదటి ప్రశ్నకు నా సమాధానము ఇదియే. అది సమారోపితమై యున్నది. పిలుపు వచ్చినచో మథించి వెలిగించుకొనవలెను.

మథించినను అగ్ని పుట్టని యరణి యుండును గదా. వైమానికవిద్య అభ్యాసము లేనిచో త్వరలో క్షయించును. ఈ విషయమున సంకల్పము ఎంత పవిత్రమైనను ప్రయోజనము లేదు. కేసీ-135 అను ఇంధనవాహక విమానమును చూడుడు. ఆ జాతిలో పెక్కు నేడు గార్డు, రిజర్వు దళముల చేతిలోనే యున్నవి. తోకభాగమున ఒక సిపాయి బోర్లపడుకొని గాజుపలక గుండ క్రిందికి చూచుచు, వెనుకనుండి వచ్చు యుద్ధవిమానపు నెత్తిమీది రంధ్రములోనికి పొడవైన గొట్టమును పంపును. ముందు కూర్చున్న పైలటు ఆ సేపంతయు వేగమును, ఎత్తును రవ్వంతయు చలింపనీయరాదు. రాత్రివేళ, మేఘములలో, రెండు విమానములు అతి దగ్గరగా గంటకు వందలమైళ్ల వేగమున పోవుచుండగా ఇది జరుగవలెను. ఆ పైలటే మఱునాడు పౌరవిమానమెక్కును. విచిత్రమేమన, 1954 జూలై 15న మొదట ఎగిరిన బోయింగు సంస్థ వారి ఒక నమూనా విమానము నుండియే ఈ కేసీ-135యు, 707 అను ప్రయాణికుల విమానమును జన్మించినవి. విమానములు ఒక్క తల్లి బిడ్డలైనను, వానిని నడుపు విద్యలు రెండు. ఎయిర్‌లైను విద్య యంతయు ప్రయాణికుడు కుదుపును గమనింపకుండ చేయుట. సైనికవిద్య ప్రమాదమును వెదకికొని పోవుట. మిసిసిపీలోని బిలాక్సీ వద్ద నుండి తుపాను కంటిలోనికి విమానములు నడుపు 53వ వాతావరణ పరిశీలక దళమువారు రిజర్వు సైనికులే. ఏ ఎయిర్‌లైను పైలటు మేఘమును చూచి పదుల మైళ్లు చుట్టి పోవునో ఆ మేఘములోనికే వారు తిన్నగా పోవుదురు. అందుచేత నెలకు రెండు దినములను లెక్క పైలటు విషయమున కేవలము కాగితపు లెక్క. నేర్పు నిలుపుకొనుటకు ఇంకను అనేక దినములు వెచ్చింపవలెను. వెచ్చింపలేనివాడు వ్రతము విడుచుట మేలు. అరకొఱగా నిలుపుకొన్న అగ్ని ఇల్లు కాల్చును.

ఉద్దేశశుద్ధిని గూర్చి ఒక ఆక్షేపణ వినబడుచుండును. వీరిలో పలువురు దేశభక్తి చేత గాక, ఎయిర్‌లైను మునిగినచో ఆధారముండునను జాగ్రత్త చేత రిజర్వులో నుందురని దాని సారము. ఇది అసత్యము కాదు. 2001 తరువాత అచ్చటి ఎయిర్‌లైనులు కూలబడినప్పుడు — యునైటెడ్ సంస్థ 2002 డిసెంబరులో దివాలా రక్షణ కోరినది, డెల్టా, నార్త్‌వెస్టు సంస్థలు 2005 సెప్టెంబరులో కోరినవి — లేఆఫు అయిన పైలటులనేకులు దొరికిన సైనికదినమునల్ల పనిచేసి సంసారములు నడుపుకొనిరి. యునైటెడ్ వారి పింఛను పథకమే రద్దయినది. ఆ సమయమున చిన్న సైనిక పింఛను పెద్ద వరమైనది. అయితే ఏమి? నిష్కామకర్మ యనగా ఫలము లేని కర్మ యని అర్థము చేసికొన్నవారే ఈ ఆక్షేపణకు బలము చేకూర్చుచున్నారు. దక్షిణ తీసికొన్నంత మాత్రమున ఋత్విజుని మంత్రము చెడదు. ఫలము రానిదినమున కూడ కర్మ కొనసాగునా యనునదే పరీక్ష. జీతము హెచ్చి, సైనికదినము నష్టదినమైన ఈ కాలమున కూడ యూనిట్‌కు వచ్చుచున్న కెప్టెనుల వలన ఆ పరీక్ష మాటలలో గాక రోస్టరులలో జరుగుచున్నది.

ఇట్టి మనుష్యునిలోని రెండు జీవితములు ముఖాముఖి నిలిచిన దినము చరిత్రలో ఒకటి కలదు. 2001 సెప్టెంబరు 11న వాషింగ్టను సమీపమున ఆండ్రూస్ స్థావరము నుండి కొలంబియా జిల్లా గార్డుకు చెందిన మార్క్ సాసెవిల్, హెదర్ పెన్నీ అనువారు రెండు ఎఫ్-16 విమానములలో లేచిరి. విమానములలో క్షిపణులు లేవు. అభ్యాసమునకు వాడు తూటాలే యుండెను. నగరము వైపు వచ్చుచున్నదని భావింపబడిన యునైటెడ్ 93వ విమానమును తమ విమానములతోనే ఢీకొని కూల్చవలెనని నిశ్చయించుకొని వారు బయలుదేరిరి. ఆ విమానము అప్పటికే పెన్సిల్వేనియా పొలములలో కూలినదని వారికి తెలియదు. పెన్నీ తండ్రి యునైటెడ్ సంస్థలో కెప్టెను. ఆ నెలలో తూర్పుతీరపు మార్గములలోనే ఎగురుచుండెను. ఆ విమానమున ఆయన ఉన్నాడో లేదో కుమార్తెకు తెలుసుకొను వీలు లేకపోయెను. పార్థునికి ఎదుట నిలిచినవారు కనబడిరి. ఈమెకు ఎదుట ఎవరున్నదియు కనబడలేదు. ప్రయాణికులకు అభయమిచ్చు వృత్తియు, ఆ ప్రయాణికులనే బలిపెట్టుమను విధియు ఒక్క కుటుంబములో ఇటు నటు నిలిచినవి. ఏ ధర్మసూత్రము దీనికి పరిహారము చెప్పగలదో నాకు తోచదు.

అదే దినమున పెంటగాను మీద కూల్చబడిన అమెరికన్ 77వ విమానమునకు కెప్టెను చార్లెస్ బర్లింగేమ్. ఆయన పూర్వము నౌకాసేనలో ఫాంటమ్ యుద్ధవిమానములు నడిపి, పిమ్మట ఎయిర్‌లైనులో చేరి, రిజర్వు అధికారిగా ఆ పెంటగానులోనే పనిచేసి విరమించినవాడు. ఆర్లింగ్టను సైనికశ్మశానమున ఆయనకు ప్రత్యేకస్థలము కోరగా, రిజర్వు నుండి విరమించినవారికి 60 యేండ్లు నిండినగాని ఆ అర్హత లేదనియు, మృతునికి 51 యేండ్లే యనియు అధికారులు మొదట నిరాకరించిరి. జనులు ఆందోళన చేసిన పిమ్మట 2001 డిసెంబరులో నిబంధన సడలించి స్థలమిచ్చిరి. ఆహితాగ్ని మరణించినచో అతని యగ్నులతోనే అతనికి దహనము జరుగును. ఏ వయస్సున పోయినాడని ఎవ్వరును అడుగరు. ప్రమాణమును పూర్తిగా పుచ్చుకొని, గౌరవమును వాయిదాలలో చెల్లించు రాజ్యము అర్ధకాలికత యను దోషమును సైనికుని మీద మోపుట తగదు. ఆ దోషము గుమాస్తాల లెక్కలోనే యున్నది.

ఇంతవఱకు వ్రతిని సమర్థించితిని. వ్రతభారము వ్రతి యొక్కడే మోయునని అనుకొనుట మాత్రము భ్రమ. శ్రౌతమున పత్ని లేనిదే ఆధానము లేదు. భర్త ఒంటరిగా గ్రామాంతరము పోయినప్పుడు అగ్నుల కడ నుండునది ఆమె. ఆమె గతించినచో ఆ యగ్నులే ఆమె దహనమునకు వినియోగమై, యజమానుడు అగ్నిహీనుడగును. మన పూర్వులు ఆమె భాగమును విధిలోనే చెప్పిరి. అమెరికా చట్టమున రిజర్వు పైలటు భార్యకు చోటున్నది గాని, అది ముఖ్యముగా ఆరోగ్యబీమాలోను, మరణానంతర భృతిలోను. భర్త నాలుగు దినములు ఎయిర్‌లైను కొఱకును, మూడు దినములు యూనిట్ కొఱకును పోయినచో ఆ వారము పిల్లల జ్వరము, నీళ్లగొట్టపు మరమ్మతు ఎవరివి? రిజర్వులో నుండవలెనా మానవలెనా యని ఆలోచించు పైలటు సీనియారిటీ పట్టికను, పింఛను పట్టికను ముందు వేసికొని కూర్చుండుట సహజమే. ఇంటి భారమను ఈ మూడవ పట్టికను వ్రాయువారు అరుదు.

ఈ వ్రతభారమును మోయువాడు మఱియొకడున్నాడు. సైనిక సెలవు మీద పోయిన కెప్టెను ట్రిప్పు గాలిలో కలిసిపోదు. పిలుపు కొఱకు ఇంట ఎదురుచూచుచున్న జూనియరు పైలటునకు అది పడును, అదియు తఱచుగా పండుగనాడే. అతడు ఏ ప్రమాణమును చేయలేదు; దేశసేవ యను పేరు అతనికి రాదు; ఎస్కలేటరు అతని కొఱకు నిర్మింపబడలేదు. పరుని వ్రతమునకు సమిధలు మోయువాడతడు. యుద్ధము నుండి తిరిగివచ్చి తన సంఖ్యను చెక్కుచెదరక పొందిన కెప్టెను, ఏటికొక క్రిస్మసు ట్రిప్పు తానే కోరి తీసికొని అట్టి జూనియరును ఇంటికి పంపుటకు ఏ చట్టమును, ఏ యూనియను ఒప్పందమును అడ్డురాదు.